ఒక్క బండి సామాను

నూటెనిమిది పాలరాతి మెట్లు, మెట్టుమెట్టుకూ చెక్కిన మకరాలు, ఏటి మొగకు అటొకటి ఇటొకటిగా నిలబడ్డ శంఖాకారపు గోపురాలు. వేలాపురి రేవు ఒకప్పుడు కొత్తగా వచ్చిన నావికుణ్ణి నోరు తెరిచి నిలబడేలా చేసేది. ఏడు దీవుల ఓడలు అక్కడ దిగేవి. చందనపు దుంగల వాసన, పచ్చి ముత్యపు చిప్పల వాసన, తడిసిన తెరచాపల వాసన కలిసి ఊరి చివరి ఇంటిదాకా వచ్చేవి. ఇప్పుడు ఆ మెట్లకు నాచు పట్టింది. మకరాల నోళ్ళలో పిచ్చుకలు గూళ్ళు పెట్టుకున్నాయి. రేవంతటికీ ఒక్క ఓడ మిగిలింది. అదీ ఇంకా నీళ్ళలోకి దిగలేదు.

దీనికంతటికీ కారకుడు కషాయసాగరం అవతల మంద్రద్వీపాన్ని ఏలే లోహభక్షుడనే మాంత్రికుడు. వాడూ వాడి కింది రాకాసులూ ఇనుము తిని బతుకుతారు. కొండలు తవ్వి ఇనుము తీయడానికి పనివాళ్ళు కావలసివచ్చి, మూడేళ్ళ కిందట పన్నెండు నల్ల ఓడలు పంపి, వేలాపురిలోని కమ్మరులనూ వడ్రంగులనూ మూడు వందల మందిని పట్టి తెప్పించుకున్నాడు. వాళ్ళను విడిపించి తెస్తానని రాజకుమారుడు అర్ణవవర్మ నిండు కొలువులో మాట ఇచ్చాడు. మొదట పంపిన ఓడ నాలుగో రోజునే మునిగింది. వాడి మంత్రం వల్ల ఆ సాగరంలో ఇనుము నిలవదు. మేకులు తుప్పుగా రాలిపోయి పలకలు దేనికది విడిపోయాయి. రెండో ఓడలో ఇనుమన్నదే లేకుండా, అంతా కొయ్య శీలలతో బిగించారు. అదీ తిరిగి రాలేదు. దానిలో వెళ్ళిన ముప్ఫై ఇద్దరిలో ఒక్క మనిషి మాత్రం పదకొండు రోజులు పలక మీద తేలి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ఆమే ఆ ఓడ కట్టిన మరిడమ్మ.

మరిడమ్మకు యాభై రెండేళ్ళు. తండ్రి దగ్గర ఓడల వడ్రంగం నేర్చుకుంది. నల్ల ఓడలు వచ్చిన రోజున టేకు కోయించడానికి ఏటి ఎగువకు వెళ్ళి ఉండబట్టి వాటికి చిక్కలేదు. ఆమె తమ్ముడు పెంటయ్య చిక్కాడు. అందుచేత మూడో ఓడ కట్టాలని రాజకుమారుడు కబురు చేసినప్పుడు రాజ్యం మొత్తానికి మిగిలిన ఓడ వడ్రంగి ఆమె ఒక్కతే. ఆమె కంచు బాడిశ తీసి భుజాన వేసుకుని రేవుకు నడిచింది.

అయిదు నెలలకు ఓడ తయారైంది. దానికి గోరువంక అని పేరు పెట్టారు. ఇరవై ఒక్క మంది నావికులు, వాళ్ళ మీద సరంగు తవిటయ్య, నలభై రోజులకు సరిపడా నీళ్ళ జాడీలు, బియ్యం, కంచు కత్తులు. ఇవన్నీ ఎక్కాయి. మిగిలింది మార్గమధ్యంలో ఏది విరిగితే దాని బదులు వేసుకోవడానికి పట్టుకెళ్ళే సామాను. ఏటి మొగలో ఇసుక మేట వేసి ఉంది. మరునాటి పొద్దున పౌర్ణమి పోటు వచ్చినప్పుడు కూడా దాని మీద నీళ్ళు నడుములోతుకు మించవు. ఓడ అంతకంటే దిగబడితే ఇసుకలో కూరుకుపోతుంది. మరిడమ్మ లెక్క కట్టి చూసింది. ఒక్క ఎద్దుల బండి మోసేటంత బరువు ఎక్కించవచ్చు. కొట్టులో పదకొండు బండ్ల సామాను ఉంది.

ఆమె నిజంగానే ఒక బండి తెప్పించి కొట్టు ముందు పెట్టించింది. పొద్దున్నుంచి దాన్ని రెండుసార్లు నింపి రెండుసార్లు దింపింది.

చుక్కాని ఎక్కించాలంటే తెరచాప కొయ్య దిగాలి. తెరచాప కొయ్య ఎక్కించాలంటే పలకలు దిగాలి. పలకలు లేకుండా వెళ్తే మొదటి రాయి తగిలిన చోటే ప్రయాణం ఆగుతుంది. తెడ్లు రెండు చాలా, నాలుగు కావాలా. మోకులు తేలికే, కానీ ఉప్పునీళ్ళు తాగాక మనిషికంటే బరువు. గుగ్గిలం వద్దనడానికి లేదు. గుగ్గిలం తీసుకుంటే పలకల సందుల్లో కూరే కొబ్బరి పీచు తీసుకోవాలి, లేకపోతే గుగ్గిలం దేనిమీద పూస్తారు. ఒక్కొక్క వస్తువునూ రెండు చేతులతో ఎత్తి, బరువు చూసి, ఇది లేకపోతే ఎన్నాళ్ళు బతుకుతాం అని తనను తాను అడిగి, బండిలో పెట్టేది. మధ్యాహ్నం అయ్యేసరికి ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకునే ఓపిక పోయింది. వస్తువును ఎత్తి అలాగే చేతుల్లో పెట్టుకుని నిలబడిపోయేది.

వచ్చినవాడల్లా ఒక మాట చెప్పి వెళ్ళాడు. నావికులు ఇంకో తెరచాప కావాలన్నారు. తవిటయ్య రెండో రాతి లంగరు లేకుండా తాను ఎక్కనన్నాడు.

“లంగరు ఎయ్యాలంటే కింద నేల తగలాలి గదా తవిటయ్యా,” అంది మరిడమ్మ. “ఆ నీళ్ళకి అడుగెక్కడుంది? నాను పదకొండు రోజులు సూశాను.”

తవిటయ్య తానే లంగరును బండిలోంచి దించి పక్కన పెట్టాడు.

కొట్టు అధికారి సునందుడు మాత్రం ఉదయం నుంచీ ఆమె పక్కనే ఉన్నాడు. తెల్లటి గడ్డం, మెత్తటి మాట. నలభై ఏళ్ళుగా ఆ కొట్టు తాళాలు మొలకు కట్టుకుని తిరుగుతున్న మనిషి. సాధారణంగా ఒక శీల ఇమ్మన్నా సవాలక్ష ప్రశ్నలు వేసేవాడు. అలాంటిది ఈ రోజు అడక్కుండానే సామాను తీసి ఇస్తున్నాడు, కూర్చోమంటున్నాడు, అలసిపోయావు తల్లీ అంటున్నాడు. మధ్యమధ్య ఓడ సంగతులు అడుగుతున్నాడు. ఏ తెడ్డు దగ్గర ఎవరు కూర్చుంటారు, అందరూ పాతవాళ్ళేనా, కొత్తవాళ్ళు ఎవరైనా చేరారా. మరిడమ్మ ముక్తసరిగా జవాబిచ్చింది. చెప్పకూడని సంగతి ఒకటి ఉంది. ఎడమవైపు మూడో తెడ్డు దగ్గర కూర్చునే గౌరయ్య నిజానికి రాజకుమారుడు అర్ణవవర్మ. లోహభక్షుడికి తెలిస్తే దారిలోనే చంపిస్తాడని, తల గొరిగించుకుని, గోచీ పెట్టుకుని నావికుల్లో కలిసిపోయాడు. ఆ రహస్యం ఆమెకూ తవిటయ్యకూ తప్ప ఎవరికీ తెలియదు.

పొద్దు వాలుతుండగా సునందుడు ఒక గంప తెచ్చి ఆమె ముందు పెట్టాడు. నిండా చుక్కాని శీలలు. జానెడు పొడుగు, నల్లగా నున్నగా మెరుస్తున్నాయి.

“చింత చేవ శీలలు తల్లీ, వంద ఉన్నాయి. పోయినసారి చుక్కాని శీల ఒక్కటి విరగబట్టే కదా అంతమంది పోయారు. అది తలుచుకుని నేనే దగ్గరుండి చేయించాను. పలకలు తీసెయ్యి, వీటిని ఎక్కించు. ఇక దిగులుండదు.”

మరిడమ్మ ఒక శీల తీసి బండిలో పెట్టింది. ఇంకొకటి పెట్టింది. మూడోది చేతిలోకి తీసుకుంది. దాని బరువు సరిగా లేదు. చింత చేవ అరచేతిలో రాయిలా ఉంటుంది. ఇది బూరుగు కొయ్యకు రంగు పూసినది. అలసటలో ఆమెకు మొదట తట్టింది అదే. రెండో సంగతి ఆ తర్వాత నెమ్మదిగా, నీళ్ళు ఊరినట్టు ఊరి పైకి వచ్చింది.

శీల విరిగిందని ఈయనకు ఎలా తెలుసు?

ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. కొలువులో గాలివాన వచ్చిందని చెప్పింది. పెంటయ్య భార్యకూ అదే చెప్పింది. ఆ శీలను ఎంచింది తానే. ఒక్కటే చాలులే అని రెండోది పెట్టుకోనిదీ తానే. అది విరిగినప్పుడు చుక్కాని దగ్గర ముగ్గురు ఉన్నారు. మిగతా ఇద్దరూ ఆమె కళ్ళముందే నీళ్ళపాలయ్యారు. అంటే ఇక ఆ సంగతి తెలిసినవాళ్ళు, దాన్ని విరిచినవాళ్ళే.

ఆమె ముఖం మారలేదు. మారడానికి ఆ ముఖంలో బలం లేదు. అవతల పడేయడానికి పెట్టిన పాత ఇనుప మేకుల తట్టను కాలితో సునందుడి వైపు కొంచెం జరిపి, దాహం వేస్తోంది, నీళ్ళు తాగి వస్తానని చెప్పి బయటికి నడిచింది. కుండలో నీళ్ళు తాగింది. ముఖం కడుక్కుంది. నూరు లెక్కపెట్టి లోపలికి వచ్చింది. తట్టలో మేకులు సగానికి తగ్గాయి. సునందుడు ఉత్తరీయంతో మూతి తుడుచుకుంటున్నాడు. తెల్లటి గడ్డంలో ఎర్రటి తుప్పు పొడి అంటుకుని ఉంది.

“శీలలు బావున్నాయి బాబూ. ఉండండి, మోసేవోళ్ళని పంపుతాను,” అని మరిడమ్మ ఓడ దగ్గరికి వెళ్ళింది.

వాలుగట్టు మీద పరిచిన గుండ్రటి దుంగలపై ఓడ నిలబడి ఉంది. అది జారకుండా ముందు రెండు అడ్డు చెక్కలు కొట్టి ఉన్నాయి. నావికులు దాని నీడలో కూర్చుని ముందుగానే రాత్రి భోజనం కానిస్తున్నారు. ఆమె తవిటయ్యనూ గౌరయ్యనూ పక్కకు పిలిచి విన్నదీ చూసినదీ చెప్పింది. ముందు చడీచప్పుడు లేకుండా సామాను ఎక్కిద్దాం, వాణ్ణి కోట భటులకు అప్పగిద్దాం, అంతవరకూ తెలిసినట్టు కనబడవద్దు అని బతిమాలింది. తవిటయ్య సరేనన్నాడు. రాజకుమారుడికి ఇరవై మూడేళ్ళు. మూడు వందల మంది కోసం మూడేళ్ళుగా ఎదురుచూస్తున్నవాడు. ఆమె మాట పూర్తి కాకుండానే కొట్టులోకి వెళ్ళి, మొలలోని కంచు బాకు దూసి నిలబడ్డాడు.

“ఎవడవు నీవు? మా సునందుణ్ణి ఏం చేశావు? సత్యం చెప్పితివా, ప్రాణంతో విడిచెదను.”

ఆ ముసలి ముఖం మెల్లగా నవ్వింది. “తెడ్డు వేసేవాడి గొంతు కాదే ఇది,” అన్నాడు వాడు. “పొద్దున్నుంచి నేను వెతుకుతున్నది ఈ గొంతునే.”

అంటూనే మూలనున్న పాత ఇనుప లంగరును రెండు చేతులా ఎత్తి, చెరకు గడ నమిలినట్టు నమలడం మొదలుపెట్టాడు. లంగరు కొక్కెం లోపలికి పోతుంటే భుజాలు ఉబ్బాయి. దాని గొలుసు మింగుతుంటే మెడ దూలమంత అయింది. తెల్లగడ్డం రాలిపోయి దాని కింద నల్లటి గరుకు చర్మం బయటపడింది. తల కొట్టు కప్పుకు తగిలి పెంకులు జలజలా కురిశాయి. రాజకుమారుడి బాకు వాడి తొడకు తగిలి గంట మోగినట్టు మోగి వంగిపోయింది. వాడు చేతి వెనకతో ఒక్కటి విదిలిస్తే రాజకుమారుడు వచ్చి బండి చక్రాల మధ్య పడ్డాడు.

వాడు కొట్టులోంచి బయటపడేలోపు ఓడ కదలాలి. ఇక ఎంచుకోవడానికి సమయం లేదు. పొద్దంతా ఆమె వేసిన లెక్క, నింపి దింపి మళ్ళీ నింపిన బండి, అన్నీ పెంకుల కింద పడ్డాయి. వెనకే పరుగెత్తుకొచ్చిన మరిడమ్మ నావికులను కేకేసింది. చేతికి అందింది తెచ్చి ఓడలో పడేయమంది. ఇద్దరు మోకులు తెచ్చారు. ఒకడు గుగ్గిలం జాడీ ఎత్తుకొచ్చాడు. నలుగురు కలిసి చెక్కని టేకు దుంగ ఒకటి మోసుకుంటూ పరుగెత్తారు. రాజకుమారుడు నుదుటి నుంచి నెత్తురు కారుతుండగా లేచి, ఒక గంప భుజానికెత్తుకుని ఓడ వైపు పరిగెత్తాడు.

కొట్టు బయట గోడ పక్కన రెండు మిగిలాయి. ఒకటి బదులు చుక్కాని. అయిదు నెలల్లో ఇరవై రోజులు దానికోసమే పనిచేసింది. ఒక్క చెట్టులోంచి ఒక్క ముక్కగా తీసి, తన చేతులతో నునుపు చేసిన చుక్కాని. రెండోది చుట్టచుట్టి తాళ్ళతో బిగించిన తెరచాప మూట. చుక్కానికి ముగ్గురు కావాలి. ఆమె దగ్గర ముగ్గురు ఉన్నారు. చుక్కాని మీద చెయ్యి వేసి ఎత్తండి అనబోతుండగా, ఆ మూట కదిలింది.

ఆమె బాడిశతో తాడు తెంపింది. లోపల అసలు సునందుడు ఉన్నాడు. నోట్లో గుడ్డ కుక్కి, కాళ్ళూ చేతులూ కట్టి ఎన్నాళ్ళయిందో, ఎముకల గూడులా ఉన్నాడు. కళ్ళు మాత్రం తెరుచుకుని ఆమెను చూస్తున్నాయి.

మరిడమ్మ చుక్కాని మీద నుంచి చెయ్యి తీసింది.

“ఈయన్ని ఎత్తండి. మూటతోనే ఎత్తండి,” అంది.

వెనక కొట్టు గోడ కూలింది. అందులోంచి ఆ రాకాసి బయటికి వచ్చి ఒక్కొక్క అడుగే వేస్తూ ఓడ వైపు నడిచాడు. మింగిన ఇనుమంతా వాడి కడుపులో కణకణమంటోంది. వాడి అడుగు పడ్డచోటల్లా వాలుగట్టు రాళ్ళు పగిలాయి. మరిడమ్మ చివరి మనిషిని పైకి నెట్టి, ఓడ ముందుకు పరిగెత్తి మొదటి అడ్డు చెక్కను సుత్తితో కొట్టింది. అది ఊడింది. రెండోది ఊడలేదు. మళ్ళీ కొట్టింది. చెమట చేతుల్లో సుత్తి జారుతోంది. మూడో దెబ్బకు చెక్క ఎగిరిపడింది. గోరువంక ఒక్క మూలుగు మూలిగి కదిలింది. పైనుంచి తవిటయ్య వంగి, పక్కనుంచి జారిపోతున్న ఆమె రెక్క పట్టుకుని లోపలికి లాగాడు.

ఓడ వెనకే దుంగలు దొర్లాయి. వాటి మీద కాలు వేసిన రాకాసి తూలి, గట్టు అంచు దాటి ఏటి బురదలో పడ్డాడు. లేవబోయాడు. ఇనుము వాణ్ణి లేవనీయలేదు. తన్నుకున్న కొద్దీ మోకాళ్ళదాకా, నడుందాకా, రొమ్ముదాకా దిగబడిపోయాడు. తల మాత్రం బురద పైన మిగిలింది. ఆ తల సముద్రం వైపు తిరిగి, రాజకుమారుడు బయలుదేరాడు ప్రభూ అని పొలికేక పెట్టింది. ఆ కేక నీటి మీద పరుగెత్తిపోతుంటే దాని వెంట ఎర్రటి చార ఒకటి పడింది.

పోటు ఇంకా రాలేదు. ఇసుక మేట మీద నీళ్ళు తొడలోతే ఉన్నాయి. ఓడ అడుగు ఇసుకను కోసుకుంటూ, కిర్రుకిర్రుమంటూ, ఒకచోట పూర్తిగా ఆగి, అందరూ నీళ్ళలోకి దూకి భుజాలతో నెడితే మళ్ళీ కదిలి, చివరికి లోతు నీళ్ళలో పడింది. దిగినప్పుడు చుక్కాని దేనికో తగిలి టప్పుమంది. ఆ చప్పుడు అందరూ విన్నారు. 

మరునాడు పొద్దున మరిడమ్మ ఓడలో ఉన్న సామాను ముందు కూర్చుంది. మోకులు రెండు. గుగ్గిలం ఉంది, పీచు లేదు. తెడ్డు ఒకటి. తాను చెక్కిన అసలు చింత చేవ శీలలు పంతొమ్మిది. చెక్కని దుంగ ఒకటి. సునందుణ్ణి చుట్టి తెచ్చిన తెరచాప. పలక ఒక్కటీ లేదు. రాజకుమారుడు నెత్తురోడుతూ మోసుకొచ్చిన గంప విప్పితే అందులో కూలీలకు అంబలి పోసే మట్టి ముంతలు ముప్ఫై ఉన్నాయి. అతను తల వంచుకున్నాడు. తన తొందరవల్లే ఇదంతా జరిగిందని, క్షమించమని అడిగాడు. మరిడమ్మ ఒక ముంత తీసి అతని చేతికిచ్చి ఓడలోకి ఊరిన నీళ్ళు తోడమంది. అతను సాయంత్రందాకా తోడాడు.

రెండో రోజుకు నీళ్ళ రంగు మారింది. పగటి వెలుగులో సాగరమంతా కాచిన కషాయంలా, అంచుల్లో బంగారు నురగతో, కనుచూపు మేర పరుచుకుని ఉంది. రాగి రంగు చేపలు గుంపులుగా ఎగిరి గాలిలో చాలాసేపు నిలిచి పడుతున్నాయి. దూరాన నీటి మీద పగడపు కొమ్మల్లాంటివి మొలిచి, పూసి, గంటలో రాలిపోతున్నాయి. నావికులు ఆ వింతలకు తలెత్తలేదు. తెడ్డు వేయడం, నీళ్ళు తోడడం, వంతు కాగానే ఎక్కడివాళ్ళు అక్కడ ఒరిగిపోవడం. సునందుడికి చెంచాతో గంజి పోస్తున్నారు. నలభై ఏళ్ళలో ఆయన కొట్టు తాళం వేయకుండా బయటికి రావడం ఇదే మొదటిసారి. ఆయన ఆ మాటే పదేపదే అంటున్నాడు.

మూడో రోజు చుక్కాని రెండుగా చీలిపోయి కింది సగం నీళ్ళలో పడిపోయింది.

ఓడ గిర్రున తిరిగింది. తెరచాప ఎదురుగాలికి పడి కొయ్య వంగింది. తవిటయ్య తెరచాప దింపించి, మరిడమ్మ వైపు చూశాడు. ఇరవై ఒక్క మందీ ఆమె వైపే చూశారు. రేవులో వదిలేసిన చుక్కాని సంగతి అందరికీ తెలుసు. మూటలో పడుకున్న సునందుడికి కూడా తెలుసు. ఆయన కళ్ళు మూసుకుని, “నన్ను వదిలేయాల్సింది తల్లీ,” అన్నాడు.

“ఆ మాట ఇంకోసారనకండి,” అంది మరిడమ్మ. “నాకు జవాబు సెప్పే ఓపిక లేదు.”

టేకు దుంగను ఓడ మధ్యకు దొర్లించి దాని మీద కాళ్ళు చాపి కూర్చుంది. చుక్కాని తీయడానికి అది చాలదు. కానీ బారు తెడ్డు ఒకటి తీసి వెనక కట్టుకుంటే ఓడ మాట వింటుంది. ఒక్క కంచు బాడిశ. పొద్దున మొదలుపెట్టి ఎండ నెత్తికెక్కేదాకా చెక్కింది. చేతులు మొద్దుబారి బాడిశ తన కాలి బొటనవేలి పక్కన దిగినప్పుడు రాజకుమారుడు వచ్చి నెమ్మదిగా బాడిశ తీసుకున్నాడు. ఎక్కడ కొట్టాలో చూపించమన్నాడు. ఆమె వేలితో గీత గీసింది. అతను కొట్టాడు. తప్పు కొట్టినప్పుడల్లా ఆమె నాలుక చప్పరించేది, అతను సరిదిద్దుకునేవాడు. అలా పొద్దు వాలేసరికి తెడ్డు తయారైంది. దాన్ని తన శీలలతో బిగించి ఆమె పక్కకు ఒరిగి, బియ్యపు బస్తాకు తల ఆనించి నిద్రపోయింది. పదిహేను గంటలు ఎవరూ లేపలేదు.

అయిదో రోజు ఎండ పొడవగానే ముందు కూర్చున్నవాడు చెయ్యెత్తి చూపించాడు. కెరటాల మధ్య నాలుగు పలకలు జోడించి కట్టిన తెప్ప ఒకటి తేలుతోంది. దాని మీద అయిదుగురు మనుషులు ఒకళ్ళనొకళ్ళు ఆనుకుని కూర్చున్నారు. ఓడ దగ్గరపడ్డాక అందులో పెద్దవాడు మోకాళ్ళ మీద లేచి, విరిగిన తెడ్డు ముక్క ఎత్తి చూపించాడు. యాస వేరుగా ఉంది. తమది గోమేదికపురమనీ, తమ ఓడ మేకులు ఊడి విడిపోయిందనీ, తొమ్మిది రోజులుగా ఇలాగే ఉన్నామనీ చెప్పాడు. ఎక్కించుకోమని అడగలేదు. మీ దగ్గర తెడ్డు మిగిలి ఉంటే ఒకటి ఇవ్వండి అన్నాడు.

తవిటయ్య గొంతు తగ్గించాడు. “నమ్మొద్దక్కా. అక్కడొకడు మొకం మార్చి వచ్చి మనల్ని ఇంత సేశాడు. ఈళ్ళు అయిదుగురు.”

ఆ మాటలో తప్పేమీ లేదు. ఇక్కడ మేకుల తట్ట లేదు, పరీక్ష పెట్టడానికి సమయం లేదు. మరిడమ్మ ఆ అయిదుగురినీ చూసింది. ఎండకు పొక్కిన భుజాలు, పగిలిన పెదాలు. పలక మీద తేలేవాళ్ళు ఎలా కూర్చుంటారో అలాగే, కాళ్ళు నీళ్ళకు తగలకుండా ముడుచుకుని కూర్చున్నారు. మాయగాళ్ళయినా అలాగే కూర్చోగలరేమో. అనుమానించడానికి కూడా మనిషికి కొంత బలం కావాలి. ఆమె దగ్గర అది మిగల్లేదు.

“తెడ్డిస్తే ఎక్కడికి పోతారు ఈళ్ళు?” అంది. “మోకు ఎయ్యండి.”

మోకు గాలిలో సాగి తెప్ప మీద పడింది. పెద్దవాడు దాన్ని పలకలకు చుట్టి ముడివేశాడు. నావికులు లాగారు. తెప్ప రెండు బారలు దగ్గరికి వచ్చింది. అక్కడ ఆగింది. మోకు ఒక్కసారి బిర్రుగా బిగుసుకుంది. ఆ తర్వాత తెప్ప వెనక్కి వెళ్ళడం మొదలుపెట్టింది, దానితో పాటే గాలికి ఎదురుగా గోరువంక కూడా. తెప్ప వెనక పావు కోసు దూరంలో ఎర్రటి నీరు గుండ్రంగా కుంగుతోంది. కుంగిన చోట కెరటాలు లేవు. పళ్ళెంలా నున్నగా, నెమ్మదిగా తిరుగుతూ, దాని అంచు క్షణక్షణానికీ పెరుగుతోంది.

రాజకుమారుడు కంచు కత్తి మోకు మీద ఎత్తి పట్టుకుని మరిడమ్మ ముఖంలోకి చూశాడు. ఈసారి ఆమె చెప్పేదాకా ఆగాడు.

తెప్ప మీద పెద్దవాడు వెనక్కి తిరిగి ఆ సుడిగుండాన్ని చూశాడు. తర్వాత ఓడను చూశాడు. వంగి, మోకు ముడి విప్పడం మొదలుపెట్టాడు. మిగతా నలుగురూ అతన్ని ఆపలేదు. ఒకడు తన వైపు కొసను వదులు చేసి అతనికి సాయం కూడా పట్టాడు.

“ముడి ఇప్పకు,” మరిడమ్మ లేచి నిలబడి అరిచింది. “ఒరేయ్ నాయనా, ముడి ఇప్పకు.”

ఆమె రాజకుమారుడి మణికట్టు పట్టుకుని కత్తి కిందికి దించింది. తవిటయ్య అప్పటికే తెడ్ల దగ్గరికి పరుగెత్తాడు. పడుకున్నవాళ్ళు లేచారు. రాజకుమారుడు కత్తి పడేసి ఎడమవైపు మూడో తెడ్డు దగ్గర కూర్చున్నాడు. సునందుడు మూటలోంచి పాక్కుంటూ వచ్చి, రెండు చేతులతో మోకు కొస పట్టుకున్నాడు. తెడ్లన్నీ ఒక్కసారి నీళ్ళలో దిగాయి. ఓడ కదల్లేదు. మళ్ళీ దిగాయి. పలకల్లోంచి మూలుగు వినిపించింది. మూడోసారికి గోరువంక గుండానికి ఎడంగా జానెడు జరిగింది, మళ్ళీ అందులో సగం వెనక్కి పోయింది.

మరిడమ్మ ఓడ పక్కటెముకకు కాళ్ళు తన్నిపెట్టి, సునందుడి వెనక కూర్చుని మోకును నడుముకు చుట్టుకుంది. తవిటయ్య పాట అందుకున్నాడు. ఎవరికీ గొంతు కలిపే ఊపిరి లేదు. తెడ్లు మాత్రం ఆ పాటకు లేస్తూ పడుతూ ఉన్నాయి. మోకు బిగిసే ఉంది, ఎవరూ దాన్ని వదల్లేదు.